అక్కను తీసుకెళ్లిన రెండు బండ్లు

అక్కకు డయాలసిస్ మొదలైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు తాండూరు నుంచి వికారాబాద్ పోయి వచ్చేవాళ్లం. మొదటి ఏడాదంతా నా పాత డీజిల్ కారులోనే. దానికి పదిహేనేళ్లు నిండాక అమ్మేసి, అదే పేరుతో కొత్తగా వచ్చిన పెట్రోలు కారు కొన్నాను.

పేరొక్కటే పాతది. ఇంజన్ మొత్తం మార్చేశారు. నాలుగు సిలిండర్ల చోట మూడే ఉన్నాయి. పాతది తాళం తిప్పగానే కాళ్ల కింద రేకు వణికేది. కానీ అనంతగిరి ఘాట్ మీద మూడో గేరులోనే మొరాయించకుండా ఎక్కేది. కొత్తది చదును రోడ్డు మీద నడుస్తున్నట్టే తెలియదు, ఎత్తు వస్తే మాత్రం రెండో గేరుకు దిగాల్సిందే. ఇంకొకటి, బండి ఆపి న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. క్లచ్ తొక్కితే మళ్లీ అందుకుంటుంది. మళ్లీ అందుకోదేమోనని పాతదాని ఇంజన్ దారిలో ఆపే ధైర్యం నాకెప్పుడూ లేదు.

ఒక మధ్యాహ్నం తిరిగి వస్తుంటే, ఘాట్ దిగాక నాపరాళ్ల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది. వెనక మేమూ ఆగాం. ఇంజన్ ఆగింది.

"ఖరాబైందా?" వెనక సీటులో పడుకున్న అక్క అడిగింది.

"లేదక్కా. గిది గట్లనే ఆగుతది. మళ్ల స్టార్ట్ అయితది."

కాసేపటికి మెల్లగా, "తమ్మీ, నాతోని అయితలేదు," అన్నది.

వెనక్కి తిరిగాను. "సూదుల నొప్పా?"

"సూదులతోని ఫికర్ లేదు. గీ తొవ్వల పోవుడు, వచ్చుడే. వాంతి ఆపుకునుడే సరిపోతున్నది."

"ఇన్నొద్దులు చెప్పకపోతివి."

"పాత బండిల ఎన్నిసార్లో చెప్పిన. గా చప్పుడుల నీకు ఇనవడకపోయె. ఇంటికొచ్చినంక మళ్ల చెప్పబుద్ధి కాకపోయేది."

నిజానికి వెనక నుంచి ఏదో గొణుగుడు వినబడిన రోజులున్నాయి. నేనూ అలసిపోయి ఉండేవాణ్ణి. అడిగితే ఇంకేం చెబుతుందోనని రోడ్డు వైపే చూస్తూ నడిపాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

లారీ కదలడానికి ముప్పావు గంట పట్టింది. ఆ నెలలోనే వికారాబాద్‌లో ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాం. అక్క, ఆమె కూతురు అక్కడే ఉంటున్నారు. డయాలసిస్ అయ్యాక ఆటోలో ఐదు నిమిషాలకు మంచం మీద ఉంటుంది. ఒళ్లు బాగుపడిందని చెప్పను గానీ వాంతులు తగ్గాయి. ఆదివారాలు నేను పోతాను. పెద్దగా మాట్లాడుకునేదేమీ ఉండదు. ఆమె పడుకుంటుంది, పక్కన చాప వేసుకుని నేనూ నిద్రపోతాను.