లోపలి గడియ లేని వ్యాన్

1978, వేసవి ఇంకా ముదరని రోజులు. వరంగల్‌లో ములుగు రోడ్డు మీద మా నాన్న పెట్టిన బాడీ బిల్డింగ్ షెడ్డును అప్పటికి నాలుగేళ్ళుగా నేనే నడుపుతున్నాను. బాడీ బిల్డింగ్ అంటే కండలు పెంచడమనుకుని ఒకాయన బక్కపలచని కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు కూడా. మా పని అది కాదు. ఆ కాలంలో పెద్ద బండ్లు చాలావరకు సగమే తయారై వచ్చేవి. చక్రాలు, ఇంజన్, స్టీరింగ్, వాటిని మోసే ఇనుప చట్రం, అంతే. దాన్ని చాసిస్ అంటాం. దాని మీద ఇల్లు కట్టినట్టు టేకు దూలాలు నిలబెట్టి, రేకు తొడిగి, సీట్లూ తలుపులూ కిటికీలూ అమర్చేది మాలాంటివాళ్ళం. లెక్కల్లో బీఎస్సీ చదివిన ఆడపిల్ల రేకులు కోయించడమేమిటని మా బంధువులకు ఒకటే బెంగ. కాలేజీలో నేర్చుకున్న లెక్కలకు ఇంకెక్కడా పని దొరకలేదని చెప్పేదాన్ని.

ఒకరోజు పొద్దున రాహేలమ్మ వచ్చింది. హనుమకొండలో ఒక చిన్న మిషన్ దవాఖానలో హెడ్ నర్సు. యాభై దాటిన మనిషి, తెల్ల చీర, చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు. దవాఖానకు ఒక వ్యాన్ కావాలట. వారంలో ఐదు రోజులు హసన్‌పర్తి వైపు నుంచి నర్సులను డ్యూటీకి తెచ్చి దింపాలి. శనివారం మందుల పెట్టెలతో ఏటూరునాగారం అవతలి అడవి గూడేలకు వెళ్ళాలి, రాత్రి అందులోనే పడుకోవాలి, ఆదివారం సాయంత్రానికి తిరిగి రావాలి. అప్పటిదాకా ఆమె ఒక్కతే బస్సులో వెళ్ళి, దిగిన చోటి నుంచి పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచేది.

"ఏ బండి కొనాల్నో నువ్వే చెప్పు సరోజా. దుకాణపోన్ని అడిగితే వాని తాన ఉన్నదే మంచిదంటాండు," అంది.

నాకు నచ్చే ప్రశ్న ఇదే. కాగితం తీసి మూడు బొమ్మలు గీశాను. మొదటిది చిన్న పెట్రోలు వ్యాన్. ఊళ్ళో సందుల్లో చేపపిల్లలా తిరుగుతుంది గానీ కడుపు నేలకు దగ్గర. వాగులోకి దిగితే అక్కడే స్నానం. ఇలా బండి కడుపుకు, నేలకు మధ్య ఉండే ఎత్తును గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. రెండోది జీపు, వెనక ఒక ట్రెయిలర్. ఎక్కడికైనా పోతుంది, కానీ పన్నెండు మంది నర్సులను అందులో కుక్కితే దవాఖానకు చేరేసరికి వాళ్ళే పేషెంట్లు. మూడోది పెద్ద డీజిల్ వ్యాన్. ముక్కు ఉండదు, ఇంజన్ డ్రైవర్ పక్కనే మూత కింద ఉంటుంది. వేసవిలో డ్రైవర్ కాలు కాలుతుంది, చౌరస్తాలో తిప్పాలంటే చెమటలు పడతాయి.

"ఐదు రోజులు తిరిగే తొవ్వకు బండి కొంటరా, రెండు రోజులు తిరిగే తొవ్వకా? ముందు అది తేల్చుకోండి సిస్టరమ్మా. చిన్నది కొనుక్కుంటే సుఖం," అన్నాను.

ఆమె గొడుగు కొన నేలకు ఆనించింది.

"ఐదు రోజుల తొవ్వల బండి ఆగితే రిక్షా దొరుకుతది. ఆ రెండు రోజుల తొవ్వల ఆగితే ఎవరు దొరుకుతరు, ఎలుగుబంటా?"

వాదనలో నేను ఓడిపోవడం అరుదు. ఆ రోజు ఓడిపోయాను. పెద్ద వ్యాన్ ఖాయమైంది.

నెల తిరక్కుండా చాసిస్ వచ్చింది. దవాఖాన డ్రైవర్ యాదగిరి హైదరాబాదు నుంచి దాన్ని తోలుకొచ్చిన తీరు ఇప్పటికీ కళ్ళముందుంది. పైన కప్పు లేదు, ముందు అద్దం లేదు. కూర్చోవడానికి ఒక చెక్క పెట్టె, ముఖానికి తువ్వాల, కళ్ళకు అద్దాలు. షెడ్డులో దిగినప్పుడు కనురెప్పలు తప్ప మనిషంతా ఎర్రమట్టే.

లోపలి పని మా పెద్ద మేస్త్రి ఖాసీం చాచాది. మా నాన్న కాలం నుంచి ఉన్న మనిషి, నన్ను లంగా జాకెట్ల వయసులో చూసినవాడు. రెండు వైపులా పొడుగు బల్లలు వేసి, వాటి వీపులను గొలుసులతో పైకెత్తితే రైల్లో బెర్తుల్లా నలుగురు పడుకునేట్టు చేశాడు. అక్కడిదాకా మాకు పేచీ లేదు. పేచీ కిటికీల దగ్గర వచ్చింది.

"పెద్ద కిడికీలు పెడదం బిడ్డా. గాలి రావాలె," అన్నాడు చాచా.

"లోపల ఆడోళ్ళను పరీక్ష చేస్తరు చాచా. రాత్రి ఆడోళ్ళు పండుకుంటరు. ఊరంతా తొంగి చూడనీకా?"

"పర్దా కట్టుకుంటరు."

"పర్దా గాలికి లేస్తది. రోడ్డు మీద పోయే మొగోళ్ళ కండ్లు నీకెరుక లేవు, నాకెరుక."

నేను గెలిచాను. కిటికీలు పైన, సన్నగా, పాలరంగు అద్దాలతో పెట్టించాను. ఎక్కడానికి వెనక రెండు రెక్కల తలుపు. స్ట్రెచర్ నేరుగా లోపలికి పోవాలని అది కూడా నా ఆలోచనే. తెల్లరంగు, రెండు పక్కలా ఎర్ర శిలువ. బండి షెడ్డులోంచి బయటికి పోయిన రోజు నాకంటే గర్వంగా ఉన్న మనిషి ములుగు రోడ్డు మొత్తం మీద లేడు.

నాలుగు వారాలకు రాహేలమ్మ మళ్ళీ వచ్చింది. గొడుగు చంకలో పెట్టుకుని నిలబడే మాట్లాడింది.

"బండి మంచిగనే నడుస్తాంది. నర్సులు ఖుషీగున్నరు. గూడెంల మాత్రం ఒక్కలు వస్తలేరు."

"బండికేం రోగం?"

"ఎరుక లేదు. నేను పెట్టె నెత్తిన పెట్టుకుని పోయినప్పుడు ఇప్పచెట్టు కింద లైను కడుతుండె. ఇప్పుడు హారన్ ఇనంగనే తలుపులు పెడ్తాన్రు. మూడు శనివారాలు ఇట్లనే వాపస్ వచ్చినం."

"నేను బండికి బాడీ కట్టిన సిస్టరమ్మా, పేషెంట్లను కట్టలేదు," అన్నాను. నోరు అలాంటిది.

ఆమె నొచ్చుకోలేదు. దవాఖాన పెద్దలు చెప్పిన మాట చెప్పింది. వానలు పడితే ఆ దారులు మూడు నెలలు మూతపడతాయి. ఆలోగా క్యాంపుకు జనం రాకపోతే వ్యాన్‌ను ఊళ్ళో పనికే ఉంచేస్తామన్నారట. ఆమె ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. తర్వాత పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళు ఆ దవాఖానలో ఎవరూ లేరు. గూడెంలో నెలలు నిండుతున్న ఇద్దరు ఆడవాళ్ళను అప్పటికే మూడు వారాలుగా ఎవరూ చూడలేదు.

బండి నడుస్తోంది, మనుషులు దూరంగా పోతున్నారు. ఈ లెక్క నాకు నిద్ర పట్టనివ్వలేదు. నా చేతి పనిలో నాకు తెలియని తప్పు ఏముంటుంది? ఆ శనివారం నేనూ బండెక్కాను.

మధ్యాహ్నానికి గూడెం చేరాం. ఇప్పచెట్టు పక్కన యాదగిరి బండి ఆపాడు. అప్పటిదాకా వినబడుతున్న రోకలి చప్పుడు ఆగిపోయింది. ఒక కోడి తప్ప ఊళ్ళో ప్రాణం లేనట్టే ఉంది. రాహేలమ్మ చెట్టు కింద కూర్చుంది. నేను ఇళ్ళ వైపు నడిచాను. మూడో ఇంటి ముందు ఒక ముసలామె మాత్రం కదలకుండా కూర్చుని ఉంది. పారిపోదామన్నా మోకాళ్ళు సహకరించవని చూడగానే తెలుస్తోంది. పేరు ముత్తమ్మ.

"అవ్వా, మోకాళ్ళు ఇంత ఉబ్బినయి. మందు గూడెంలకే వచ్చింది కదా, పోయి చూపించుకోరాదు?"

"ఆ డబ్బ బండిలకా? అండ్ల ఏమున్నదో ఎవరికెరుక."

"దవాఖాన ఉన్నది."

"అప్పుడు వచ్చినోళ్ళు గూడ దవాఖాననే అన్నరు."

అప్పుడంటే ఎప్పుడని అడిగాను. రెండేళ్ళ కింద, మగవాళ్ళను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకు బండ్లలో ఎక్కించుకుపోతున్నారని అడవంతా మాట పాకిన రోజుల్లో అట. పక్క గూడేనికి తెల్లబండి వచ్చిందన్నారు. ఎవరిదో ఎవరికీ తెలియదు. ముత్తమ్మ కొడుకు ఎనిమిది రోజులు అడవిలో దాక్కున్నాడు, దుంపలు తిని బతికాడు. నిజంగా ఎవరినైనా తీసుకుపోయారా, పుకారేనా అన్నది నేను ఎంత గుచ్చి అడిగినా తేలలేదు. తేలింది ఒకటే. ఆ భయానికి ఒక ఆకారం ఉంది, దాన్నే నేను ఎంతో శ్రద్ధగా మళ్ళీ కట్టి పంపాను.

ఊరుకునే రకం కాదు కదా నేను. "ఇది ఆ బండి కాదవ్వా! దీనికి ఎర్ర శిలువ ఉన్నది, చూడు."

"దానికీ ఉండెనంట."

"సిస్టరమ్మను ఎరుగవా నువ్వు? ఎన్నిసార్లు మందిచ్చింది!"

"ఆమెను ఎరుగుదుము. నడిచొచ్చినన్ని దినాలు ఆమెనే వచ్చింది. ఇప్పుడు ఆమెను గూడ అండ్ల పెట్టి తెస్తాన్రు."

చివరికి నాకు చేతనైన ప్రశ్న, షెడ్డుకు వచ్చిన ప్రతివాళ్ళనూ అడిగే ప్రశ్న అడిగాను. "సరే అవ్వా, ఎట్లుంటే ఎక్కుతవు, చెప్పు. అట్లనే కడ్త."

ముసలామె నవ్వింది, ఎగతాళిగానే. తర్వాత మాత్రం నిజంగానే ఆలోచించింది.

"నేను లోపల కూసుంటే నా కొడుకు బయటికెల్లి నాకు కనబడాలె. నేను వానికి కనబడాలె. దిగబుద్ధయితే నేనే దిగాలె. మీ బండికి లోపలికెల్లి తలుపు తీసే కడ్డీ ఉన్నదా?"

"ఎందుకుండదు!" అన్నాను రోషంగా.

బండి దగ్గరికి వచ్చి లోపలికెక్కి తలుపు వేసుకున్నాను. చేత్తో తడిమాను. లేదు. సరుకు బండ్లకు పెట్టినట్టు, తలుపు మూయగానే తనంతట పడే గడియ బయట మాత్రమే పెట్టాం. సన్నటి పాలరంగు అద్దాల్లోంచి మసక వెలుతురు, ఉక్క, డీజిల్ వాసన. బయట రాహేలమ్మ గొడుగు నీడ కూడా కనబడలేదు. అరచేత్తో రేకు మీద కొట్టాను. యాదగిరి చుట్టూ తిరిగి వచ్చి తీసేదాకా ఎంతసేపో పట్టలేదు గానీ, నాకు చాలా సేపే అనిపించింది.

"రోజూ నర్సులు ఎట్ల దిగుతాన్రు?" అని అతన్ని అడిగాను.

"నేనే దిగి తీస్తా మేడమ్. మర్యాద చేస్తానని మురుస్తరు."

సోమవారం బండి మళ్ళీ షెడ్డులో ఉంది. ఖాసీం చాచా అంతా విని రేకు కత్తెర అందుకున్నాడు.

"బిడ్డా, బీఎస్సీల గిది చెప్పలేదా?"

"లోపలికెల్లి ఎట్ల దిగాల్నో చెప్పలేదు. కొయ్యి."

ఎడమ పక్క సగం కోసేశాం. ఆ కోసిన రేకును పైన మడతబందులు పెట్టి బిగించాం. లేపి రెండు కడ్డీల మీద నిలబెడితే పందిరి అవుతుంది. దాని కింద వెడల్పు మెట్టు. కుడి పక్క బల్ల ఎత్తు నుంచి కప్పు దాకా జరిపే కిటికీలు, మామూలు అద్దాలు. దాంతో ఒక వైపు నిలబడితే బండి గుండా రెండో వైపు కనబడుతుంది. పరీక్షకు మూలన ఒక పర్దా, దాన్ని పేషెంటే లాక్కునేట్టు. వెనక తలుపుకు, చీకట్లో కూడా చేతికి దొరికేట్టు, లోపల పెద్ద ఇత్తడి గడియ. రెక్క సందుల్లోంచి దుమ్ము వస్తోందని, జుట్టు పాడవుతోందని నర్సులు తర్వాత చాలా రోజులు సణిగారు. దుమ్ముకు రబ్బరు పట్టీ వేశాం, సణుగుడుకు మందు దొరకలేదు.

అప్పటికి ఆకాశం నల్లబడుతోంది. మిగిలింది ఒక్క శనివారం. నేనూ వెళ్ళాను.

పందిరి లేపి, కిటికీలన్నీ జరిపి, ముగ్గురం బండి దిగి చెట్టు కింద కూర్చున్నాం. గంటసేపు ఎవరూ రాలేదు. రాహేలమ్మ గొడుగు గుడ్డ మడతలు సరిచేస్తూ ఉంది. అప్పుడు ముత్తమ్మ కొడుకు భుజం పట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, మా వంక చూడడు. అతన్ని బండికి కుడి పక్క నిలబెట్టింది. తను ఎడమ పక్క నుంచి మెట్టెక్కి లోపల కూర్చుంది.

"నీకు కనబడుతాన్నరా కొడుకా?"

"కనబడ్తానవే."

నేరుగా లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్ళి ఇత్తడి గడియ తీసింది, వేసింది. మళ్ళీ తీసింది. ఆ తలుపులోంచే కిందికి దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ బండి చుట్టూ తిరిగి వచ్చి, మళ్ళీ ఎక్కి కూర్చుని, చీర కొంచెం పైకి లాగి మోకాళ్ళు ముందుకు చాపింది.

"ఇగ చూడు సిస్టరమ్మా," అంది.

రాహేలమ్మ గొడుగు నా ఒళ్ళో పడేసి పరిగెత్తింది. సాయంత్రానికి నెలలు నిండిన ఇద్దరిలో ఒకామె వచ్చింది. రెండో ఆమె మర్నాడు పొద్దున వచ్చింది, వెంట అత్తా ఆడబిడ్డా కిటికీ పక్కన కాపలా. సోమవారం రాత్రి వాన మొదలైంది. వానలు వెనకబట్టాక క్యాంపు ఆగలేదు. రాహేలమ్మ రిటైరైనా, ఆమె తర్వాత వచ్చిన నర్సు అదే బండిలో వెళ్ళింది.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. అంతకు ముందు ఎవరు వచ్చినా ఎంతమంది కూర్చోవాలి, ఎంత బరువు, ఏ దారి అని అడిగేదాన్ని. ఇప్పుడు ఇంకోటి కూడా అడుగుతాను, ఆ బండి చూసి భయపడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. చాలామంది నన్ను వింతగా చూస్తారు. చూడనీ. డెలివరీ ఇచ్చే ప్రతి బండిలోనూ ముందు నేను ఎక్కి కూర్చుని బయటి నుంచి తలుపు వేయిస్తాను. లోపలి నుంచి తీసుకుని నా అంతట నేను దిగితేనే బండి షెడ్డు దాటుతుంది.

తలుపు వేసేది ఖాసీం చాచానే. వేసిన ప్రతిసారీ బయటి నుంచి అంటాడు: "జర సేపు అండ్లనే ఉండరాదు బిడ్డా, నీ లొల్లి లేక షెడ్డు సల్లగుంటది."

నేను గడియ తీసుకుని దిగుతాను.