జేబులో ప్లగ్గు

మా మామ పోయి నేటికి పన్నెండు రోజులు. చేవెళ్ల దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను షెడ్డులో రంపం చైనుకు ఆకురాయి పెడుతున్నాను. "బాపు పోయిండు" అన్నాడు, అంతే. నాకు మొదట ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక మీదట ఒక మిషన్ తయారైందో లేదో ఎవరు చెబుతారని భయం. చావు కబురు వినగానే ఇలా అనుకునే కోడలు ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఉంది మరి.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కన మాకొక రేకుల షెడ్డు ఉంది. చెట్లు కోసే పాత రంపం మిషన్లు కొని, విప్పి, బాగుచేసి అమ్మడం మామ పని. హైటెక్ సిటీ లేచాక మా వైపు ఫాంహౌస్‌లు లేచాయి. వాటి ఓనర్లు మోజుపడి పెద్ద మిషన్లు కొంటారు, రెండు కొమ్మలు కోస్తారు, పెట్రోలు అందులోనే వదిలేసి మూలన పడేస్తారు. ఏడాదికి ఆ పెట్రోలు జిగురై కార్బొరేటర్ మూసుకుపోతుంది. అలాంటివన్నీ మామ దగ్గరికి చేరేవి. ఇంకోవైపు తోటలన్నీ వెంచర్లవుతున్నాయి, చెట్లు కొట్టేవాళ్లకు మిషన్లు కావాలి. మా ఆయన రాత్రుళ్లు సాఫ్ట్‌వేర్ వాళ్ల క్యాబ్ నడిపి పగలు నిద్రపోతాడు కనుక, మామకు చేదోడు నేనే అయ్యాను.

మామకు ఒక పద్ధతి ఉండేది. మిషన్ బల్ల మీదికి రాగానే దాని ప్లగ్గు తీసి అంగీ జేబులో వేసుకునేవారు. ప్లగ్గు లేకపోతే నిప్పురవ్వ పుట్టదు, ఎవరెంత తాడు లాగినా ఇంజన్ లేవదు. పనంతా అయ్యాక ప్లగ్గు పెట్టి, తన చేత్తో ఒక చింత మొద్దు కోసి చూసి, అప్పుడు అమ్మేవారు. "ప్లగ్గు నా జేబుల ఉన్నంతసేపు అది మిషన్ కాదు బిడ్డా, ఇనుము" అనేవారు. ఆయన అంగీలన్నిటికీ ఎడమ జేబు కింద నల్లమరక. ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోయేది కాదు. ఉతికేదాన్ని నేనే కాబట్టి లోలోపల తిట్టుకునేదాన్ని. అన్నం తింటూ తింటూ మధ్యలో జేబు తడిమి చూసుకునేవారు. నాకు నవ్వొచ్చేది.

ఆ నవ్వే కొంప ముంచబోయింది.

నా పెళ్లై మూడో ఏడు. ఒక మిషన్‌కు ముందురోజే మామ ప్లగ్గు పెట్టి చూస్తే, నా ఎదుటే ఇంజన్ ఒక్క లాగుకు లేచింది. ప్లగ్గు మళ్లీ తీసి జేబులో వేసుకున్నారు. మర్నాడు పొద్దున మామ ఏదో సామాను తెస్తానని మెహదీపట్నం బస్సెక్కారు. ఆయన వెళ్లిన గంటకు ఆలూరు మనిషి ఒకతను వచ్చాడు. శంకర్‌పల్లి రోడ్డులో మామిడితోట కొట్టే పని ఒప్పుకున్నాడట, తన మిషన్ మొరాయించిందట.

"అక్కా, జర అది ఇయ్యి. కూలోళ్లు ఆడ నిలవడ్డరు."

"మామ లేడన్నా. ప్లగ్గు ఆయన దగ్గరున్నది."

"ప్లగ్గే కదక్కా! కొత్తది లేదా?"

సొరుగులో ఉంది. తీసి బిగించాను. అతను తాడు లాగగానే ఇంజన్ లేచింది. మామ ప్లగ్గు తిరిగి పెట్టడం మరిచిపోయి ఉంటారనుకున్నాను. మామ లేకుండానే మిషన్ అమ్మానని ఎంత మురిసిపోయానో!

మధ్యాహ్నం మామ కాగితంలో చుట్టిన చిన్న ఇనుప పట్టీతో బస్సు దిగారు. ఖాళీ బల్ల చూశారు. చేయి జేబు మీదికి పోయింది.

"బిడ్డా, దానికి బ్రేకు లేదు."

రంపం కొన దేనికైనా గట్టిగా తగిలితే మిషన్ ఎగిరి మొహం మీదికి వస్తుంది. అప్పుడు హ్యాండిల్ ముందున్న అడ్డు చేతికి తగిలి, బ్రేకు పడి, చైను ఆగిపోవాలి. ఆ బ్రేకు పట్టీయే విరిగిపోయి ఉంది. ఆయన తెచ్చింది దానికి కొత్త పట్టీ.

మామ స్కూటర్ తీశారు. పట్టీ, పానాల సంచీ ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. ఆ మనిషి ఫోన్ నంబరు తీసుకోవాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు. శంకర్‌పల్లి రోడ్డు పొడుగునా ఏ తోట చూసినా రంపాల మోతే. మామ ఒక్కో చోట స్కూటర్ బంద్ చేసి, కళ్లు మూసుకుని వినేవారు. తాను విప్పి బిగించిన మిషన్ గొంతు ఆయనకు తెలుసు. "గిది కాదు" అనేవారు. మళ్లీ స్కూటర్. మళ్లీ "గిది కాదు." ఆ మనిషి మొహం గుర్తుచేసుకోబోతే నాకు కళ్లు, ముక్కు ఏవీ కనబడలేదు. సంచీ రెండుసార్లు ఒళ్లోంచి జారిపోయింది.

మూడో తోట దగ్గర మామ కళ్లు తెరిచారు. "గదే. మనదే."

ఆ మాట అంటుండగానే మోత టక్కున ఆగిపోయింది.

అప్పటిదాకా అది ఆగితే చాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఆగాక, ఎందుకాగిందో అని మళ్లీ మొక్కడం మొదలుపెట్టాను. మామ పరిగెత్తారు. అరవై దాటిన మనిషి, చెప్పులు ఊడిపోతున్నా చూసుకోకుండా నరికిన కొమ్మల మీదుగా పరిగెత్తారు. నేను నేల చూసుకుంటూ వెనక నడిచాను. తలెత్తితే నెత్తురు కనబడుతుందేమోనని.

ఆలూరు మనిషి చెట్టు మొదట్లో కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. అంగీ భుజం దగ్గర జానెడు చిరిగి ఉంది. "జర్ర ఎగిరిందక్కా, మెడ తిప్పుకున్న" అని నవ్వాడు. చిరుగు కింద చర్మం మీద ఎర్రటి గీత.

మామ మొదట ఆ మిషన్ ప్లగ్గు ఊడదీసి జేబులో వేసుకున్నారు. తర్వాతే కూలబడ్డారు. కాసేపటికి ఊపిరి తీసుకుని, "తప్పు నాది తమ్మీ. ప్లగ్గు తీసిన గని, ఎందుకు తీసిన్నో ఇంట్ల చెప్పలే" అన్నారు. అక్కడే పట్టీ వేశారు. ఇంజన్ లేపి, చైను జోరుగా తిరుగుతుండగా అడ్డును ముందుకు తోశారు. చైను ఆగింది. అలా ఐదారుసార్లు చూసి, ఒక కొమ్మ కోసి, అప్పుడు అతని చేతికిచ్చారు.

దారంతా ఏడ్చాను. మర్నాడు పొద్దున కొత్తగా వచ్చిన మిషన్ ప్లగ్గు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇగ నీ కొంగుకు కట్టుకో బిడ్డా."

"నాకొద్దు మామా. నేను జేసిన పని సూసినవ్ గద!"

"గందుకే ఇస్తున్న. భయమెట్లుంటదో నీకు ఎరుకైంది."

ఆ రోజు నన్ను నలుగురిలో తిట్టి ఉంటే మళ్లీ ఆ షెడ్డులో అడుగు పెట్టేదాన్ని కాదు. ఈ చేతికి పని వచ్చిందంటే ఆయన పెట్టిన భిక్షే. అప్పటినుంచి మొద్దు కోసి చూసే పని ఆయనది, కొంగు ముడి నాది. ఆయన ప్లగ్గు అడిగితే "బ్రేకు సూసినవా మామా?" అని నేనడిగేదాన్ని. నవ్వి, మళ్లీ ఒకసారి చూసేవారు.

చివరి మిషన్‌కు పట్టీ వేసిన సాయంత్రం, "ఛాతిల మంటగున్నది, జర పండుకుంట" అని లోపలికి వెళ్లారు. తెల్లారి మా ఆయన దవాఖానకు తీసుకుపోయాడు, మళ్లీ బల్ల దగ్గరికి రాలేదు. దహనం అయ్యాక స్నానం చేసి తడి కొంగు పిండుతుంటే చేతికి గట్టిగా ఏదో తగిలింది. ప్లగ్గు. అప్పుడు ఏడ్చాను.

నిన్న పదకొండో రోజుకు ఆలూరు మనిషి వచ్చాడు. భోజనాలయ్యాక షెడ్డులోకి వచ్చి బల్ల వైపు చూశాడు.

"గిది తయారైందా అక్కా? మా తమ్మునికి కావాలె."

మామ వేసిన బ్రేకును ఈ పదకొండు రోజుల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బ్రేకు వేసి చైను లాగితే కదలదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చింత మొద్దు ఎదురుగానే ఉంది, కోసి చూడడం ఒక్కటే మిగిలింది. ముడి విప్పబోయిన నా వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఇంక కాలేదన్నా."

అతను నా కొంగు వైపు చూశాడు. తన భుజం తడుముకున్నాడు. "అయినంకనే ఇయ్యి" అని, పోకుండా ఆ చింత మొద్దు పక్కనే కింద కూర్చున్నాడు.