అన్న గుంజుకున్న కోట

ల్యాప్‌టాప్ వేడెక్కినప్పుడు వచ్చే కాలిన దుమ్ము వాసన ఇప్పటికీ నన్ను కాసేపు పని చేసుకోనివ్వదు. మొన్న ఎండాకాలం సెలవులకు శామీర్‌పేట నుంచి వచ్చిన మా అన్న కూతురు, మేడ్చల్‌లోని నా ముందుగదిలో కూర్చొని, నేనూ అన్నా చిన్నప్పుడు ఆడిన ఆటనే కొత్తగా దించుకుని తెరిచినప్పుడు మళ్ళీ అదే వాసన వచ్చింది.

మా నాన్న, మేము బాపు అనేవాళ్ళం, జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీవాళ్ళు వద్దనుకున్న కంప్యూటర్‌ను ఒకరోజు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అందులో ముందే ఉన్నది ఈ ఆట: కోటలు, పొలాలు, నది, సైన్యాలు, ఇద్దరు వంతులవారీగా ఆడాలి. ఒకరి పటం మరొకరు చూడకూడదు కనుక వంతు ఉన్నవాళ్ళు లోపల తలుపేసుకుని కూర్చునేవాళ్ళు, లేనివాళ్ళు బయట నల్లా దగ్గర బిందెలు నింపేవాళ్ళు. ముంజలు తిన్న చేతులతో, అమ్మ గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి నూనె వేళ్ళతో ఆడీ ఆడీ ఆ కీబోర్డు మీది అక్షరాలన్నీ జిడ్డు పట్టిపోయాయి.

గోలీల్లో, పతంగుల్లో ఎప్పుడూ అన్నదే గెలుపు, నా చెయ్యి నిదానం. ఈ ఆటలో చేతి వేగంతో పని లేదు, అది ఎవరినీ తొందరపెట్టదు, ఎంతసేపు ఆలోచించినా ఊరుకుంటుంది. అందుకే నాకది ప్రాణం. ఆ గుణమే దాని లోపం కూడా, ఎందుకంటే నేను ఆలోచిస్తున్నంతసేపూ నీళ్ళన్నీ అన్నే మోయాలి.

"ఏందే, గుడ్లు పొదుగుతున్నవా? జల్దీ జెయ్, నల్లా బందైతాంది!" అని కిటికీలోంచి అరిచేవాడు.

దానికి ఇంకో లోపం ఉంది, దాన్ని నేను క్షమించలేదు. అవతలివాళ్ళ వంతులో ఏం జరిగిందో అది చెప్పదు. తిరిగివచ్చేసరికి మారిపోయింది మాత్రమే కనిపిస్తుంది. బోనాల ముందు ఒక ఆదివారం, తడిసిన లంగాతో నేను లోపలికి వచ్చేసరికి నదిపక్కన ఉన్న నా పెద్ద కోట మీద అన్న జెండా ఎగురుతున్నది. మేము ఒకరి మీదికి ఒకరు పోవద్దని ఒప్పుకుని ఉన్నాం.

"నేనేం జెయ్యలే చెల్లె. అదే వచ్చింది."

"కోటకు కాళ్ళొచ్చి నడిసొచ్చిందా?"

అమ్మ పడీపడీ నవ్వింది. నేను స్విచ్ ఆపేశాను. మళ్ళీ అతనితో ఆడలేదు.

నన్ను చిన్నబుచ్చినవాళ్ళను నేను మరిచిపోను. అన్న పెళ్ళిలో "పైలం వదినె, కోటలు గుంజుకుంటడు" అని నవ్వుతూనే చెప్పాను. బాపు కట్టిన ఇల్లు నేనూ అన్నా పంచుకునే రోజున పెద్దమనుషుల ముందర కూడా అన్నాను: "అన్న మాట నమ్మేది లేదు, కోట సంగతి నాకు యాదికున్నది." వాళ్ళు నవ్వారు. అన్న నవ్వలేదు. "రోడ్డు దిక్కు చెల్లెకే ఇయ్యున్రి" అని లేచి వెళ్ళి, తర్వాత వెనకవైపు తన వాటా అమ్ముకుని శామీర్‌పేట వెళ్ళిపోయాడు. నా ముందుగది ఆ రోడ్డు దిక్కుదే.

మొన్న పిల్లతో ఆడుతూ, వెనకటిలాగే ఆటలో ఉన్న ధనమంతా సైన్యం మీద పెట్టాను. దాని వంతు అయ్యాక చూస్తే నా కోట మీద దాని జెండా. నా ముఖం చూసి పిల్ల హడలిపోయింది.

"ఒట్టు అత్తా, నేనేం జెయ్యలే! నువ్వు గాదెలు కట్టలే గదా. తిండి లేకుంటే లోపటి మనుషులే పక్కోళ్ళకు తలుపు తీస్తరు. గంతే."

ఇంత ఓపిక ఉన్న ఆట ఆ ఒక్క మాట తెర మీద చెప్పలేదా అని దాన్ని చాలాసేపు తిట్టాను. ఇప్పటికీ ఆ తప్పు దానిదే అంటాను. కానీ ఆ కోటను ఆకలితో మాడ్చింది నేను. కూర్చున్నదేమో అన్న నాకు వదిలిన గదిలో.

సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఆ కోట నువ్వు గుంజుకోలేదంట."

ఏ కోట అని అతను అడగలేదు.

"గుంజుకోలేదా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి. "ఇన్నేండ్లు నువ్వు అంటుంటే, నేనే ఏదో బటన్ ఒత్తి గుంజుకున్న గావచ్చు అనుకున్ననే. గందుకే రోడ్డు దిక్కు నీకియ్యమన్న."

మా గల్లీలో ఇప్పుడు నల్లా లేదు, పెంకుటిళ్ళు లేవు, ఆ పెద్ద మానిటర్‌ను పాతసామాన్లవాడు ఎప్పుడో తీసుకుపోయాడు. వాటిని ఎవరు మాయం చేశారో నాకు తెలియదు. కిటికీలోంచి నా మీద అరిచే ఆ అన్నను మాయం చేసింది ఎవరో మాత్రం తెలుసు. నేను తప్పైందని అనేలోపే, "పిల్లను ఎక్కువసేపు ఆడనియ్యకు, కండ్లు నొస్తయి" అని చెప్పి నెమ్మదిగా ఫోన్ పెట్టేశాడు.