నారాయణస్వామికి మిగిలిన మాట

గూళూరులో మునిలక్ష్మమ్మ ఇంట్లో రూప పేరెత్తి మొన్న వేసవికి ఆరేళ్లు. ఒక్కగానొక్క కూతురు డెంగీ జ్వరంతో పోయిన నాటి నుంచి, ఎవరైనా పొరపాటున ఆ పేరంటే చాలు, నారాయణస్వామి పళ్లెంలో సంగటి వదిలేసి చేనికి వెళ్లిపోయేవాడు. మొగుడి మొండితనం తెలిసిందే కాబట్టి ఆమె నోరు మెదిపేది కాదు. కన్నబిడ్డను తలుచుకుని ఏడవాలన్నా ఆవుల కొట్టంలోకి పోవాల్సిందే. ఇదెక్కడి న్యాయం!

అలాంటి మనిషికి ఆ వేసవిలోనే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచి మాత్రం "రూప" అన్నాడు. ఇంటికొచ్చాక కూడా పొద్దస్తమానం అదొక్కటే మాట.

పొరుగింటి తిమ్మక్క గుండెలు బాదుకుంది. "అక్కా, చచ్చిపోయిన పాప ఆయప్ప మీదికొచ్చిండాది. ఏం కావల్లో అడుగు."

మునిలక్ష్మమ్మ అడిగింది. "ఏం కావల్ల తల్లీ?"

"రూప."

"అమ్మ మీద కోపమా?"

"రూప."

ఆమెకు ఒళ్లు జలదరించేది. అయినా, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ పేరు చెవిన పడితే ప్రాణం లేచొచ్చేది.

చింతామణి ఆసుపత్రిలో శ్రీరంజని అనే డాక్టరమ్మ ఇలా మాట పడిపోయినవాళ్ల మీద పరిశోధన చేస్తోంది. నారాయణస్వామి పలుకులన్నీ రికార్డు చేసుకుని, మెల్లగా చెప్పింది. "మెదడులో దెబ్బ తగిలిందమ్మా. కొందరికి ఒక్క మాటే నోట్లో ఇరుక్కుపోతాది. నీళ్లు కావల్లన్నా, నొప్పన్నా అదే వస్తాది. ఆయన పాపను పిలవడం లేదు."

మునిలక్ష్మమ్మ మొగుడి వైపు తిరిగింది. దాహంతో నాలుక పిడచకట్టి మొగుడు అరుస్తుంటే, తాను కూతురితో కబుర్లు చెప్పుకుందా!

"నేర్పిస్తే వేరే మాటలొస్తాయి. అది తగ్గిపోతాది" అంది డాక్టరమ్మ.

తగ్గిపోతుందట. బస్సు గూళూరు చేరేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది. తెల్లారి చెంబు చూపించి, "నీళ్లు అను" అని మొదలుపెట్టింది. దీపావళికి "నీళ్లు" అనే మాట వచ్చింది. తర్వాత కాఫీ, ఆవు, ఆమెను పిలిచే లక్ష్మి. ఒక్కో మాట వచ్చేకొద్దీ ఆ పేరు తగ్గుతూ పోయి, ఇంట్లో వినబడటమే మానేసింది.

మళ్లీ చింతామణి పోయినప్పుడు ఆమె ఉండబట్టలేకపోయింది. "ఒక్కసారి రూప అనమని చెప్పమ్మా. నేనడిగితే పలకడంల్యా."

డాక్టరమ్మ అడిగింది. నారాయణస్వామి పెళ్లాం వైపు చూశాడు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"వద్దు" అన్నాడు.

"అరె, కొత్త మాట! ఇది ఎవరు నేర్పించిరి?" అని డాక్టరమ్మ సంబరపడిపోయింది.

ఎవరూ నేర్పలేదు. తన మొగుడు పూర్తిగా తిరిగి వచ్చాడని మునిలక్ష్మమ్మకు అర్థమైంది.