పూజలో పెట్టిన గంట

దయ్యాల కబుర్లంటే నాకు మహా చిరాకు. మా చింతాద్రిపేట ఇంట్లో ఎవరైనా అలాంటివి మొదలుపెడితే విస్తరి ముందునుంచి లేచిపోయేవాణ్ణి. "వీడికి అన్నీ లెక్కలే" అని అమ్మ సణిగేది. అవును, లెక్కలే. మట్టి ఎంత బరువు మోస్తుందో, ఎప్పుడు జారుతుందో తేల్చి చెప్పడమే నా ఉద్యోగం. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ యాభయ్యో దశకంలో పల్లావరం దగ్గర ఒక రాళ్ళ క్వారీలో నా కళ్ళముందు జరిగింది మాత్రం నాకు అంతుపట్టలేదు.

కొండను పేల్చి మంచి రాయిని లారీలకెత్తాక పొడి, మట్టి, చిల్లరాళ్ళు మిగులుతాయి కదా. వాటిని ఏళ్ళ తరబడి ఒకే పక్క పోస్తూ వచ్చారు. అది పెద్ద గుట్ట అయి కూర్చుంది. దాని అడుగునే పనివాళ్ళ గుడిసెలు. ఆ గుట్ట వాలు నిలుస్తుందా, జారుతుందా చెప్పమని యజమాని నన్ను పిలిపించాడు.

గుట్ట మీద వరసగా కొయ్య మేకులు దింపించి, అవి వరస తప్పుతున్నాయా అని థియోడొలైటు, అదే కోణాలు కొలిచే దుర్బిణి, పెట్టి చూశాను. మట్టిని తెచ్చి పరీక్ష చేశాను. ఎక్కడ విరిగితే ఎంత మట్టి కిందికొస్తుందో, దాన్ని ఆపే పట్టు ఎంతో కాగితం మీద గీసి లెక్కగట్టాను. పొడిగా ఉన్నంతకాలం నిలుస్తుంది. లోపలికి నీళ్ళు దిగితే నిలవదు. పై అంచు దగ్గర సన్నటి చీలిక కూడా కనిపించింది. వానలు ముదరకముందే గుడిసెలు ఖాళీ చేయించమన్నాను. యజమాని సరేనన్నాడు.

అందరూ రోడ్డు అవతలికి మారిపోయారు, మేస్త్రీ వెంకటస్వామి కుటుంబం తప్ప. వాళ్ళూ తెలుగువాళ్ళే. రాళ్ళు కొట్టే పని మీద తాతల నాడే వచ్చి మద్రాసులో పాతుకుపోయినవాళ్ళు. మేస్త్రీ కూతురు కన్నెమ్మ పుట్టింటికి వచ్చి ప్రసవించింది.

"పురుటి నీళ్ళు పొయ్యకుండా బాలింతను ఇల్లు కదిలించకూడదు సామీ. ఆయుదపూజ మర్నాడు నీళ్ళు పోసి, ఆ పొద్దే మారిపోతాం" అన్నాడు మేస్త్రీ.

నాకు ఒళ్ళు మండింది. "నీ కూతురి పురుడు తీరేదాకా గుట్ట ఆగుతుందా?" అని అరిచాను.

ఆయన నవ్వాడు. "ఇన్నేండ్లు ఆగలేదా సామీ? రొండు దినాలు ఆగదా?"

ఆ మాట అన్న సాయంత్రమే ముసురు పట్టింది. వదల్లేదు. ఆయుధపూజ నాడు అమ్మ నా థియోడొలైటుకు పసుపు కుంకుమ పెట్టి పూజలో కూర్చోబెట్టేసింది. ఆ రోజు పనిముట్టును ముట్టుకోవడానికి లేదు. బాలింత సంగతి మనసులో పీకుతూనే ఉంది. మేకులు కంటితోనైనా చూద్దామని ఉత్త చేతులతో పల్లావరం రైలెక్కాను.

నేను వెళ్ళేసరికి, గుట్టకు దూరంగా ఉన్న పనిముట్ల షెడ్డులో సమ్మెటలు, గునపాలు, ఉలులు అన్నీ కడిగి వరసగా పేర్చారు. వాటి మధ్య రైలు పట్టా ముక్క ఒకటి. దాన్ని వాళ్ళు గంట అంటారు. మామూలు రోజుల్లో అది షెడ్డు ముందు గుంజకు వేలాడుతుంది. మందు పేల్చేముందు దాన్ని కొడితే, గుడిసెల్లోవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి షెడ్డు దగ్గరికి పరుగెత్తాలి. అలాంటి పట్టా అక్కడ ఉన్నది అదొక్కటే. ఆ రోజు దాన్ని దించి, బొట్లు పెట్టి, నేల మీద పడుకోబెట్టి, చామంతులు కప్పారు. నేల మీద పడుకున్న పట్టా మోగదు. కొట్టినా దబ్బుమంటుంది, అంతే.

పురుడు కాబట్టి కన్నెమ్మ గుడిసెలోనే ఉంది. వాళ్ళమ్మతో సహా మిగతా అందరూ షెడ్డులో ఉన్నారు. మేస్త్రీ ఇంకా హారతి వెలిగించలేదు. చేతిగంట కూడా మోగలేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

అప్పుడు వచ్చింది కన్నెమ్మ. జుట్టు విరబోసుకుని, బిడ్డను గుండెకు అదుముకుని, జల్లులో పరుగెత్తుకుంటూ వచ్చింది. పురుట్లో ఉన్న మనిషి పూజ దగ్గరికి! ఆడవాళ్ళు "అయ్యయ్యో" అంటూ అడ్డం పోయారు. మేస్త్రీ కోపంతో రెండు చేతులూ ఊపుతూ వెనక్కి పొమ్మన్నాడు.

"ఏంది నాయనా, పొమ్మంటావు? గంట కొట్టింది మీరే గదా! బిడ్డని ఎత్తుకోని ఉరికి వచ్చినాను" అంది ఆమె రొప్పుతూ.

అందరం పట్టా వైపు చూశాం. దాని మీద పువ్వు కదలలేదు.

నేను నోరు తెరిచేలోపే కాళ్ళ కింద నేల వణికింది. బస్తాలోంచి వడ్లు గుమ్మరించినట్టు ఒక గరగర. గుట్ట నడుం విరిగి కిందికి వచ్చేసింది. మేస్త్రీ గుడిసె ఉన్నచోట ఎర్రమట్టి, రాళ్ళు తప్ప ఏమీ లేదు.

జారుతుందని చెప్పినవాణ్ణి నేనే. అయినా ఆ గుడిసె ఉన్న చోటుకేసే మళ్ళీ మళ్ళీ చూశాను. కన్నెమ్మ తల్లి బిడ్డను లాక్కుని ఒళ్ళంతా తడుముతోంది.

కాసేపటికి నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. జారేముందు లోపల రాయీ రాయీ ఒరుసుకుని ఉంటాయి, కన్నెమ్మ గుట్ట అడుగునే ఉంది కాబట్టి ఆ చప్పుడే ఆమెకు గంటలా వినబడి ఉంటుంది. మేస్త్రీకి అదే చెప్పాను.

ఆయన నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. "దానికి వినపడ్డమా సామీ?" అన్నాడు. "చిన్నప్పుడు మందు పక్కనే పేలి దాని రొండు చెవులూ పోయినాయి. గంట కొట్టినప్పుడంతా వాళ్ళమ్మే చెయ్యి పట్టుకోని లాక్కోని వస్తాది. ఈ పొద్దు పండగ, పేల్చేది లేదు గదా అని వదిలి వచ్చినాం."

అయినా ఊరుకోబుద్ధి కాలేదు. కన్నెమ్మ దగ్గరికి వెళ్ళి, కాలితో నేల తట్టి, అదిరిందా అని సైగ చేసి అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపి చెవి ముట్టుకుంది.

"మోగింది సామీ. చిన్నప్పుడు వినేదాన్నే. అదే గంట."

పండగ, పూజ అని చూడకుండా పట్టాను ఎత్తించి గుంజకు కట్టించాను. ఆమె అటు తిరిగి బిడ్డకు పాలిస్తుండగా, వెనకనుంచి బలంకొద్దీ కొట్టించాను. నా చెవులు గింగురుమన్నాయి. బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చాడు.

ఆమె కదల్లేదు. పాలు తాగుతున్న బిడ్డ ఎందుకు ఏడుస్తున్నాడో తెలియక, తల తిప్పి మా మొహాల్లోకి చూసింది. ఆ రోజు ఆమెకు వినబడింది ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు.