పార్వతి పాస్‌వర్డు

ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. కక్కలేను, మింగలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

టెక్కలిలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. కాలేజీ పరిశోధనలు, ఫొటోలు, రికార్డింగులు అన్నీ కంప్యూటర్లో దాచిపెట్టే డిజిటల్ భాండాగారం ఒకటి కొత్తగా పెట్టారు. లైబ్రరీ సిబ్బందికి అది నేర్పే పని నా మీద పడింది. నాకే అంతంతమాత్రం వచ్చు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

లైబ్రరీలో పనిచేసే పార్వతిది కవిటి. కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డ తన ఊరివాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి ఉంచింది. వాళ్లలో ఆమె భర్త కూడా ఉన్నాడు. అప్పటికే పోయాడు. ‘‘ఇందులో పెట్టేస్తే ఇంకెక్కడికీ పోవు’’ అన్నాను. నమ్మింది. ఫోన్లో చోటు చాలక అక్కడివి తీసేసింది.

మిగతావాళ్ల పాస్‌వర్డులు ఇంకా రాలేదు. అందుకని అందరం పార్వతి పాస్‌వర్డుతోనే లోపలికి వెళ్లేవాళ్లం. నేర్చుకోవడానికి ఒక ఫోల్డరు తెరిచి, చేతికందినవి అందులో వేయమన్నాను. ఆమె చేతికందినవి ఆ రికార్డింగులే. చివరి రోజు ఆ ఫోల్డరంతా తుడిచేసింది నేను. తెరిచి చూడలేదు. చూడలేదా? ‘కవిటి’ అన్న అక్షరాలు కనిపించినట్టే ఉంది; అది ఆ రోజు చూసిందో, ఇన్నేళ్లూ తలుచుకుని తలుచుకుని నేనే పుట్టించుకున్నదో, ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. భోజనానికి ఆలస్యమవుతోందన్న చిరాకు మాత్రం బాగా గుర్తుంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో కంప్యూటర్ తెరిచి చూస్తే, తుడిచినవారి పేరు దగ్గర పార్వతి అని ఉంది. తిరిగి తెచ్చే దారి లేదన్నారు. ఆమె నా వైపు తిరిగింది.

‘‘నానే నొక్కీసినానేటి సార్? మీకు తెలుస్తాది గదా, సెప్పండి. మా ఆయన గొంతు అందులోనే ఉండిపోనాది.’’

‘‘కొత్తలో ఇలాంటివి మామూలేనమ్మా’’ అన్నాను.

అబద్ధమైతే ఆడలేదు కదా అని ఆటోలో ఇంటికి వెళ్తూ నాకు నేనే చెప్పుకున్నాను. మరి అదేమిటి? భయమా? నేర్పేవాడికే రాదని బయటపడుతుందన్న సిగ్గా? ఏమో. ఆ తర్వాత ఆమె కంప్యూటర్ ముట్టలేదు. అల్మారాల దుమ్ము దులిపే పని అడిగి మరీ తీసుకుంది.

మొన్న పలాస స్టేషన్లో కనిపించింది. ఆప్యాయంగా పలకరించింది. ఫొటో తియ్యమని కూతురు ఫోన్ చేతికిస్తే వెంటనే తిరిగిచ్చేసింది.

‘‘నాకొద్దమ్మా, నా సెయ్యి మంచిది కాదు. మళ్లీ ఏటి పోద్దో ఏటో.’’

ఆమె చెయ్యి కాదు. నాది. పక్కనే నిలబడి కూడా ఆ ముక్క చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాను. గొంతు కాస్త తెరుచుకున్నట్టుంది. ఎందుకో అర్థం కావడం లేదు. చెప్పవలసింది మీకు కాదుగా.