ఏ దేశమూ కాని వేసవి

మొన్న నాంపల్లి మెట్రోలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ చేతిరుమాలు విప్పగానే నీలగిరి తైలం వాసన గుప్పుమంది. దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా లేవలేకపోయాను. నాకు ఇంగ్లిష్ నేర్పిన రూత్ మేడమ్ దగ్గర ఎప్పుడూ అదే వాసన ఉండేది. తలనొప్పికి రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని పాఠం మొదలుపెట్టేవారు. నేను ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో నర్సుని, సెలవు మీద వచ్చాను. తిరిగి వెళ్లేలోపు ఐరిష్ పౌరసత్వానికి అర్జీ పెట్టాలా వద్దా తేల్చుకోవాలి. అది వస్తే భారత పాస్‌పోర్టు వదులుకోవాల్సిందే. మన చట్టం రెండింటినీ ఉంచుకోనివ్వదు. ఇలాంటి సమయంలో ఆ వాసన తగిలింది.

ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన ఉన్న గదిలో మేడమ్ విదేశాలకు వెళ్లాలనుకునే మాలాంటి నర్సులకు ఇంగ్లిష్ నేర్పేవారు. మెదక్‌లో మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో పుట్టి, పెళ్లయ్యాక ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్లి, ముప్పై ఏళ్లకు పైగా అక్కడి వార్డుల్లో పనిచేశారు. అక్కడే బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నారు. భర్త పోయాక కూతురు షీలను ఆ ఊళ్లోనే వదిలి, నాంపల్లిలో కిరాయి ఇంట్లోకి వచ్చేశారు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉండేది. "రావచ్చు, ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. ఓటు మాత్రం లేదు. ఎన్నిరోజులున్నా చుట్టమోలెనే" అని నవ్వేవారు. జనగామ పక్క పల్లెనుంచి వచ్చిన నాకు ఇంగ్లిష్ అంటే నోరు ఎండిపోయేది. మొదటి మాక్ టెస్టులో గుడ్లప్పగించి నిలబడితే నా చెయ్యి పట్టుకుని, "భయమైతుందా బిడ్డా? అయితే భయమైతుందనే ఇంగ్లిష్‌ల చెప్పు" అన్నారు. నేను తడుముకోకుండా చెప్పిన మొదటి ఇంగ్లిష్ వాక్యం అదే.

ఒక వానాకాలం వాళ్ల గల్లీలో మురుగునీళ్లు ఇళ్లల్లోకి వచ్చాయి. బస్తీ మీటింగులో మేడమ్ లేచి గట్టిగా నిలదీస్తే వెనకనుంచి ఒకాయన, "మీరు బయటిదేశపోళ్లు, మీకెందుకు మేడమ్ గీ లొల్లి? ఓటు గూడ లేదాయె" అన్నాడట. మర్నాడు క్లాసులో ఆ మాట చెబుతూ ఆవిడ నవ్వలేదు. "మా తాత కాలంనుంచి మాది బయటి మతమన్నరు, సరే అన్నం. ఇప్పుడు మనిషినే బయటిదాన్ని చేసిన్రు." ఆ నెలలోనే భారత పౌరసత్వం తిరిగి తీసుకోవడానికి అర్జీ పెట్టారు. షీల ఫోన్లో ఎంతగానో వారించింది. "మమ్మీ, ఆ కార్డుతో నీకేం తక్కువైంది?" అని అడిగితే, "తక్కువైందేందో చెప్పొస్తలేదు బిడ్డా" అన్నారు.

ఆ పద్ధతి ఏమిటంటే, ముందు ఇక్కడివాళ్లు సరేనంటారు. అప్పుడు అక్కడి పౌరసత్వం వదులుకుని రుజువు పంపాలి. ఆ తరవాతే ఇక్కడి సర్టిఫికెట్ వస్తుంది. వదులుకున్న రోజుకూ వచ్చే రోజుకూ మధ్య మనిషికి ఏ పాస్‌పోర్టూ ఉండదు. మేడమ్‌కు ఆ గడువు వేసవిలో పడింది. సాయంత్రం క్లాసు మొదలయ్యేలోపు ఆవిడతో కలిసి ఎండలో కలెక్టర్ ఆఫీసు దాకా నడిచేదాన్ని. "ఫైలు పైకి పోయిందమ్మా, జర ఓపిక పట్టుండ్రి" అని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పేవాడు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఒకరోజు క్లాసులో నర్సూ రోగీ మాట్లాడుకునే అభ్యాసం చేస్తుంటే, రోగి వేషం వేసిన అమ్మాయి పుస్తకంలో ఉన్న ప్రశ్నే అడిగింది, మీది ఏ దేశమని. నర్సు వేషంలో ఉన్న మేడమ్ లేచి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డారు.

అప్పుడే లీడ్స్ నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. కడుపుతో ఉన్న షీలకు నిండు నెలలకు ఇంకా చాలా ముందే రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చాయి, ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నారు. మేము పుస్తకాలు మూసేశాం. డాక్టర్లు చెప్పినవాటిలో అల్లుడికి అర్థంకాని ఒక్కో మాటా మేడమ్‌కు పూర్తిగా తెలుసు, అదే నరకమైంది. "గా వార్డుల నేను ఏండ్లు పనిచేసిన స్వప్నా. గా తలుపు ఎటు తెరుచుకుంటదో గూడ నాకెరుకే. కాని పోలేను" అన్నారు. అయినా డాక్టర్‌ను ఏమడగాలో అల్లుడికి చెబుతూనే ఉన్నారు. మేం అమ్మాయిలం, ప్రార్థన వచ్చినవాళ్లం, రానివాళ్లం, ఆవిడ చుట్టూ నేలమీద కూర్చున్నాం. తల్లీ బిడ్డా బతికారు. పిల్లాడు పిడికెడంత ఉన్నాడట. కోలుకున్నాక షీల తల్లితో అన్న మొదటి మాట, "నువ్వు రాలేదు మమ్మీ."

వానలు మొదలయ్యాక సర్టిఫికెట్ వచ్చింది. ప్రమాణం చేసి మెట్లు దిగుతుంటే శుభాకాంక్షలు చెప్పాను. ఆవిడ సర్టిఫికెట్ మడిచి సంచిలో పెట్టుకున్నారు. కొత్త పాస్‌పోర్టుతో, సందర్శకుల వీసా మీద, ఒకప్పుడు తన సొంతమైన దేశానికి వెళ్లి మనవణ్ని ఎత్తుకుని వచ్చారు. ఆ మరుసటి ఎన్నికల్లో గల్లీ చివరి బడిలో ఓటేసి, సిరా ఆరని వేలితో క్లాసుకు వచ్చారు. అందరూ మెట్లు దిగి వెళ్లిపోయాక, పౌరసత్వం మార్చుకున్నందుకు బాధపడుతున్నారా మేడమ్ అని అడిగాను.

"ఔ, రోజూ పడుత. అయినా మళ్ల గిదే చేస్త. రెండూ నిజమే" అన్నారు. రుమాలు మడుచుకుంటూ, "దేశం మార్చుకోవద్దని నేను నీకు చెప్ప. కాని సంతకం పెట్టేముందు ఒక్కటి ఆలోచించు. ఎవరికి ఆపదొస్తే నువ్వు పోలేకపోతవు? ఆ మనిషి పేరు దొరికినంక వాళ్లకు ముందే చెప్పు. నేను షీలకు చెప్పలే" అన్నారు.

నేను డబ్లిన్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాక మేడమ్ పోయారు. షీల పిల్లాణ్ని తీసుకుని వచ్చి మెదక్‌లో మేడమ్ వాళ్లమ్మ సమాధి పక్కనే ఆవిడను సమాధి చేయించిందని తెలిసింది. ఆస్పత్రి క్యాంటీన్‌లో పౌరసత్వం మాట వచ్చినప్పుడల్లా నేను తోటి నర్సులను మేడమ్ ప్రశ్నే అడుగుతాను. ముందు నవ్వుతారు. తరవాత ఒక్కొక్కరే ఒక పేరు చెబుతారు.

నాకూ పేరు దొరికింది. మా చెల్లెలు మంజుల, గౌలిగూడలో ఉంటుంది, సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణంలో పనిచేస్తుంది. దానికి గుండెలో చిన్నప్పటినుంచీ లోపం ఉంది. ఓసీఐ కార్డు ఉంటే ఎప్పుడైనా రావచ్చు కదా అంటాడు మా ఆయన. కరోనా మొదట్లో ఆ కార్డున్నవాళ్లను కూడా కొన్నాళ్లు రానివ్వని సంగతి నేను మరచిపోలేదు. అటువైపు డబ్లిన్‌లో పుట్టిన నా కూతురుంది. దాని దేశంలో నేను అనుమతుల మీద ఎంతకాలం ఉండగలను? నిన్న మంజుల ఇంటికి వెళ్లి అర్జీ పెడుతున్నానని చెప్పాను. ఒకవేళ ఎప్పుడైనా నీకు అవసరమైన రోజున రాలేకపోవచ్చు అని కూడా చెప్పాను.

అది మడత పెడుతున్న బట్టలు పక్కన పెట్టింది. "ఏందక్కా, గిప్పుడే ఏడిపిస్తవ్" అంది. తరవాత, "పెట్టుకో. రాకున్నా ఏం కాదు అని మాత్రం నాతోని అనిపించకు. అయితది. నువ్వు రాకుంటే నాకు బాధయితది. గది తెలిసే పో."